గేట్లు దించిన రోజు నుంచి ఎత్తిన రోజు దాకా: ధర్మాబాద్ గాలి డైరీ

అక్టోబర్ 29

గోదావరి మీదున్న మా బాభళి బరాజ్ గేట్లు ఈ రోజు దించారు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు పద్నాలుగు గేట్లూ ఎత్తే ఉండాలి. వానాకాలపు వరద దిగువకు, శ్రీరాంసాగర్‌కు పోవాలి. గడువు తీరిన మర్నాడు దించుతారు, గోదావరి నిలుస్తుంది. ధర్మాబాద్ తాలూకాలో చలికాలం మొదట ఆ నిలిచిన నీటి మీదే కనిపిస్తుంది. మరో రెండు మూడు వారాలు పోతే తెల్లవారుజామున నీళ్ల మీద ఆవిరి లేస్తుంది.

నా పని కూడా ఈ రోజే మొదలుపెట్టాను. గేట్లు దించిన రోజు నుంచి మళ్లీ ఎత్తే రోజు దాకా, ఎనిమిది నెలలు, మా గాలిని కొలవాలి.

కారణం అమ్మ. అమ్మకు అరవై రెండేళ్లు. చలికాలంలో పత్తి ఏరడానికి పోతుంది, మాఘం వచ్చిందంటే మిర్చి తొడిమలు తీయడానికి పోతుంది. మహారాష్ట్రలో ధర్మాబాద్ అంటే ఎర్ర మిర్చే. మా ఇంటికి మూడు వీధుల అవతల ఆ బస్తాలు దిగుతాయి. అమ్మకు ఏడాదిలో రెండుసార్లు దగ్గు పట్టుకుంటుంది.

"రెండు దగ్గులూ ఒకటి కావు బిడ్డా," అంటుంది అమ్మ. "చలికాలపు దగ్గు రొమ్ములో ఉంటుంది. తెల్లవారి లేస్తూనే వస్తుంది, ఎండ పడితే తగ్గుతుంది. మిర్చి దగ్గు గొంతులో ఉంటుంది. మిర్చి ముందు కూర్చుంటే వస్తుంది, ఇంటికొస్తే పోతుంది."

చూసిన డాక్టరు మాత్రం రెండింటికీ "దుమ్ము పడదు" అని ఒకే చీటీ రాశారు. ఏ దుమ్ము, ఏ నెలలో, ఎక్కడిది అన్నది నాకు తెలియాలి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో దాదాపు 130 నగరాలున్నాయి. మాలాంటి తాలూకా పట్టణాలకు అందులో చోటు లేదు. కాబట్టి ఎవరో కొలిచి చెబుతారని ఎదురుచూడటం దండగ.

నవంబర్ 3

ధూళిని కొలిచే సెన్సార్లు రెండూ వచ్చాయి. ప్లాంటవర్ వారి పీఎంఎస్ 5003. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, ఆ గాలి మీద లేజర్ కాంతి పడుతుంది, కణాలకు తగిలి చెదిరిన వెలుగును ఒక కన్ను చూస్తుంది. ఆ వెలుగును బట్టి ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందో అంచనా వేస్తుంది. ఈ మాట ఇప్పుడే రాసి పెట్టుకుంటున్నాను: ఇది ధూళిని తూచదు, మెరుపును చూసి బరువును ఊహిస్తుంది.

ఫ్యానుకు 5 వోల్టులు కావాలి. డేటా తీగలు మాత్రం 3.3 వోల్టులవే కాబట్టి అంకెలను చదివే చిన్న కంప్యూటరు బోర్డుకు, ఈఎస్‌పీ 8266కు, నేరుగా కలిపేశాను. సమాచారం 32 బైట్ల ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కకూ మొదటి రెండు బైట్లు "బి", "ఎం" అనే ఇంగ్లిషు అక్షరాలే, చివరి రెండు లెక్క సరిచూసుకోవడానికి. ఆ "బీఎం" కోసం వేచి చూడకుండా మధ్యలో చదవడం మొదలుపెడితే అంకెలన్నీ తారుమారవుతాయి. ఒక సాయంత్రమంతా దానికే పోయింది. ఫ్యాను తిరగడం మొదలైన తర్వాత అర నిమిషం దాకా వచ్చే అంకెలను వదిలేయాలి.

తేమ, ఉష్ణోగ్రతల కోసం బీఎంఈ 280 పెట్టాను. పెట్టె తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. రంధ్రాలు కిందివైపు చేసి లోపల సన్నని జాలీ అంటించాను.

నవంబర్ 11

వారం రోజులు రెండు సెన్సార్లనూ మా మేడ మీద పక్కపక్కనే ఉంచాను. రెండూ కలిసే ఎక్కాయి, కలిసే దిగాయి. రెండోది ఎప్పుడూ కొద్దిగా ఎక్కువ చూపిస్తోంది, ఆ తేడా నిలకడగా ఉంది కాబట్టి లెక్కలో సరిచేయవచ్చు. ఈ వారం ఓపిక పట్టకపోతే తర్వాత ఊరికీ ఏటికీ మధ్య కనిపించే తేడా గాలిదో సెన్సారుదో చెప్పలేను.

ఒకటి మేడ మీదే ఉంటుంది. రెండోది గోదావరి ఒడ్డున మామ ఇంటికి. మామ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "మా దగ్గర దీనికి పనేముంటుందమ్మా, ఇది ఏటి గాలి," అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

నవంబర్ 24

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బోర్డు గడియారం మొదటికి వచ్చేస్తోంది. మామ ఇంట్లో పదకొండు రోజుల అంకెలున్నాయి గానీ ఏది ఏ పూటదో తెలియదు. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా చూడటమే నా పని కాబట్టి ఆ పదకొండు రోజులూ పోయినట్టే. సొంత బ్యాటరీ ఉన్న డీఎస్ 3231 గడియారం కలిపాను. చార్జరుకూ బోర్డుకూ మధ్య ఒక పవర్ బ్యాంకు పెట్టాను.

డిసెంబర్ 19

రాత్రి మామ ఇంట్లో పడుకుని తెల్లవారుజామున అయిదున్నరకు ఏటి గట్టు మీదికి పోయాను. ఈ పూట చూసింది వివరంగా రాయాలి.

గాలి ఏమాత్రం లేదు. వేప ఆకు కదలడం లేదు. కింద వాడలో ఒక్కో ఇంటి ముందు స్నానాల నీళ్లకు పొయ్యిలు అంటించారు. పత్తి కట్టె, కంది కట్టె. పొగ నిటారుగా లేచి, సరిగ్గా వేప చెట్టు తల దాకా పోయి, అక్కడ ఏదో అడ్డం తగిలినట్టు ఆగి పక్కకు పరుచుకుంది. పక్కింటి పొగ వచ్చి దానితో కలిసింది. ఇరవై నిమిషాల్లో వాడ మీద నీలి రంగు దుప్పటి కప్పినట్టయింది. పైన నక్షత్రాలు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి.

మేఘాలు లేని చలి రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని పైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడాలి, ఇక్కడ తలకిందులవుతుంది. కింద పుట్టిన పొగకు పైకి దారి ఉండదు. పైగా చల్లటి గాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. మా ప్రాంతంలో ఏటి ఒడ్డు కంటే పల్లం ఏముంది?

అంకెలు అదే చెప్పాయి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా ఏటి ఒడ్డు పెట్టె ఊళ్లోని పెట్టె కంటే ఎక్కువ చూపిస్తోంది. ఊళ్లో లారీలున్నాయి, రోడ్డు దుమ్ముంది, రైలు స్టేషనుంది. అయినా ఏటి ఒడ్డే పైన ఉంది. ఎనిమిదిన్నర దాటాక, ఎండ నేలను తాకిన అరగంటకు, రెండూ ఒకేసారి పడిపోతాయి. ఎండ పడితే తగ్గుతుందని అమ్మ చెప్పిన దగ్గు గుర్తొచ్చింది.

మామకు తెర మీది గీత చూపించాను. చాలాసేపు చూశాడు. "మరి మేమంతా పొద్దున్నే గట్టు మీదే కదా కూర్చుంటాం," అన్నాడు.

డిసెంబర్ 27

ఏటి ఒడ్డు అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు. తేమ 80 శాతం దాటితే పొగ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం ఎక్కువ వెలుగును చెదరగొడుతుంది, సెన్సారు దాన్ని బరువు అనుకుంటుంది. గేట్లు దించిన తర్వాత ఏటి మీద పొగమంచు రోజూ ఉంటుంది.

ఇదే సెన్సారు ఉన్న, గాలిని కొలిచే పర్పుల్‌ఎయిర్ పరికరాల కోసం అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ శాస్త్రవేత్తలు 2021లో ఒక సవరణ సూత్రం ప్రచురించారు. సెన్సారు అంకెను 0.524తో గుణించాలి, అందులోంచి తేమ శాతానికి 0.0862 రెట్లు తీసేయాలి, 5.75 కలపాలి. సెన్సారు 100 చూపిస్తూ తేమ 80 శాతం ఉంటే అసలు విలువ 51 దగ్గరికి వస్తుంది. మన దేశంలో సన్న ధూళికి, అంటే 2.5 మైక్రాన్ల లోపు కణాలకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇరవై నాలుగు గంటల సగటు మీద పరిమితి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. సవరించకపోతే 60 దాటినట్టు, సవరిస్తే దాటనట్టు. ఒక్క లెక్కతో తీర్పు మారిపోతోంది.

ఆ సూత్రం అమెరికా గాలికి కట్టినది. మా పత్తి కట్టె పొగకు అది అతికినట్టు సరిపోతుందని చెప్పను. కాబట్టి రెండు వరుసలూ రాస్తున్నాను, సవరించినది, సవరించనిది. తేమ 90 శాతం దాటిన గంటలను పెన్సిలుతో గుర్తు పెట్టి సగటులో కలపడం లేదు. అలా తీసేసినా ఏటి ఒడ్డు ఊరికంటే పైనే ఉంది. నాకు కావలసింది ఆ పోలికే.

జనవరి 14

పత్తి అయిపోయిన చేలల్లో కట్టె పీకి కుప్పలు వేసి కాలుస్తున్నారు. సాయంత్రం ఆరు తర్వాతే అంటిస్తారు, పగటి పూట గాలికి పక్క చేనుకు మంట పాకుతుందని. రైతు వైపు నుంచి అది జాగ్రత్తే. గాలి వైపు నుంచి చూస్తే మూత పడే వేళకు పొగ పెట్టడం. మధ్యాహ్నం మూడుకు అంటిస్తే ఆ పొగ పైకి కలిసిపోతుంది. మామకు చెప్పాను. చేను చుట్టూ దున్ని హద్దు చేసుకుంటే మధ్యాహ్నం కాల్చవచ్చు, అసలు ముక్కలు చేసి భూమిలో కలిపేస్తే కాల్చే పనే లేదు, కానీ ఆ మిషను కిరాయి ఎవరు పెట్టుకుంటారన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

అమ్మ రొమ్ము దగ్గు మొదలై మూడు వారాలైంది.

జనవరి 22

మేడ మీది పెట్టెను మూడు రోజుల కోసం కిందికి దించి, నీళ్ల పొయ్యి దగ్గర, అమ్మ కూర్చుంటే ముక్కు ఉండే ఎత్తులో కట్టాను. మేడ మీద ఉన్నప్పుడు తెల్లవారుజామున నెమ్మదిగా ఎక్కే గీత, ఇక్కడ గోడలా నిలువుగా లేచింది. పొయ్యి అంటించిన రెండో నిమిషంలో మొదలై నీళ్లు కాగేదాకా దిగలేదు. ఇన్ని వారాలుగా నేను ఊరి గాలిని కొలుస్తున్నాను, అమ్మ పీలుస్తున్నది పొయ్యి గాలిని.

పొయ్యి పైన రేకుల పంచ ఉంది. వాన పడకుండా వేసిన పంచ పొగను కూడా పోనివ్వడం లేదు. పొయ్యిని నాలుగు అడుగులు బయటికి, వాకిట్లోకి మార్చాం. చలికాలంలో వానెక్కడిది? గోడలాంటి గీత చిన్న గుట్టలా తగ్గింది.

ఫిబ్రవరి 20

మిర్చి వచ్చేసింది. వీధి మొదట్లోకి వచ్చేసరికే ముక్కు చెబుతుంది.

మార్చి 1

ఈ రోజు బాభళి నుంచి 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. అదీ 2013 తీర్పులోదే. బరాజ్ నిలువ సామర్థ్యమే 2.74 టీఎంసీ. ఇక రోజురోజుకూ ఇసుక బయటపడుతుంది.

మార్చి 9

ఎనిమిది నెలల్లో నేను అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూసిన రోజు ఇదే. అమ్మ పనిచేసే షెడ్డులోకి పెట్టెను తీసుకెళ్లాను. షెడ్డు పేరు, యజమాని పేరు రాయను. లోపలికి రానిచ్చారు, అదే చాలు.

ముప్పై మందికి పైగా ఆడవాళ్లు రెండు వరుసల్లో కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ ఒక మిర్చి గుట్ట. ఎడమ చేత్తో కాయ పట్టుకుని కుడిచేతి బొటనవేలితో తొడిమ దగ్గర నొక్కితే టిక్కున ఊడుతుంది. ఆ టిక్కు, టిక్కు చప్పుడు షెడ్డంతా వాన చినుకుల్లా వినిపిస్తుంది. ఊడిన ప్రతిసారీ కాయ మెడ దగ్గరి నుంచి చిటికెడు ఎర్ర పొడి లేస్తుంది. తాలు కాయలైతే చేతిలోనే పొడి అయిపోతాయి. సాయంత్రానికి అమ్మ కనురెప్పల వెంట్రుకల మీద ఎర్రటి గీత ఉంటుంది. కొంగు ముక్కుకు అడ్డం చుట్టుకుంటారు. పక్కనున్న పిన్ని వేళ్లకు కొబ్బరి నూనె రాసుకుని వస్తుంది, లేకపోతే రాత్రంతా చేతులు మండుతాయి.

రేకు సందులోంచి ఎండ పడిన చోట ఎర్రటి ధూళి తేలడం నాకు కళ్లారా కనిపిస్తోంది. అరగంటలో నాకు ఎనిమిది తుమ్ములు. సెన్సారు అంకె మాత్రం బయటి వీధిలో ఉన్నదానికంటే కొద్దిగానే ఎక్కువ. చలికాలపు ఉదయం మామ వాడలో చూసినదానిలో సగం కూడా లేదు.

ఇంటికొచ్చి అమ్మకు చూపించాలంటే మనసొప్పలేదు. ఈ కాగితం ఎవరి చేతికైనా ఇస్తే, షెడ్డులో గాలి బాగుందని రాసుకుంటారు.

మార్చి 13

మూడు రోజులు ఆలోచించి, చదివి, రెండు కారణాలు పట్టుకున్నాను.

మొదటిది సెన్సారులోనే ఉంది. ఇది సన్న కణాలను, ముఖ్యంగా ఒక మైక్రాను లోపు ఉన్న పొగ కణాలను బాగా చూస్తుంది. పెద్ద కణాలు లోపలి మలుపుల్లోనే పడిపోతాయి, లేజరు దాకా రావు. అది చూపించే 10 మైక్రాన్ల అంకె చాలావరకు చిన్న కణాలను చూసి కట్టిన ఊహ. మిర్చి పొడి పెద్దది. వేసవి దుమ్ము కూడా పెద్దదే. అంటే మార్చి నుంచి మే దాకా మా గాలిలో కంటికి కనిపించేదే ఈ పెట్టెకు కనిపించదు.

రెండోది మిర్చిలో ఉంది. కాయలో ఉండే క్యాప్సైసిన్ బరువును బట్టి పనిచేయదు. మన నరాల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. 43 డిగ్రీల కంటే ఎక్కువ వేడి తగిలితే అది మంట అని మెదడుకు చెబుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే మాట చెబుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. గొంతులో, శ్వాసనాళాల్లో కూడా ఈ గ్రాహకాలున్నాయి. దగ్గు మీద పరిశోధన చేసేవాళ్లు దగ్గు తెప్పించడానికి పీల్చనిచ్చేది క్యాప్సైసిన్‌నే. పొయ్యి మంట, మిర్చి మంట: తెలుగులో రెండింటికీ ఒకటే మాట, శరీరంలో ఒకటే తలుపు.

కాబట్టి ఒక మైక్రోగ్రాము పొగ, ఒక మైక్రోగ్రాము కారం గొంతుకు సమానం కావు. అమ్మ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. రొమ్ము దగ్గు సన్న పొగది, అది లోపలి దాకా పోతుంది. గొంతు దగ్గు మిర్చి పొడిది, అది పైనే తగులుతుంది.

మార్చి 17

వేరే కొలత పెట్టాను. గాజు పలక మీద పలచగా వాసెలిన్ రాసి, అమ్మ కూర్చునే చోట మూర ఎత్తులో రెండు గంటలు ఉంచి, ఫోల్డ్‌స్కోప్ కింద చూశాను. అది మను ప్రకాశ్ బృందం తయారు చేసిన కాగితపు మైక్రోస్కోపు. పక్కింటి మాస్టారి దగ్గర ఒకటి ఉంది.

పలక అంతా ఎర్ర పొరల ముక్కలు. మిర్చి తోలు, అంచులు గాజు పెంకుల్లా పదును. మధ్యలో పసుపు రంగు నలుసులు, గింజ పొట్టు కావచ్చు. జనవరిలో పొయ్యి దగ్గర ఇలాగే పెట్టిన పలకను పక్కన పెట్టి చూశాను. అందులో ఆకారం లేని నల్లటి మరకలు, కాటుక చెదిరినట్టు. రెండు పలకలనూ అమ్మకు చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "ఇది రొమ్ముది, ఇది గొంతుది," అని వేలు పెట్టి చెప్పింది.

మార్చి 30

షెడ్డులో గాలి ఎటు పోతోందో అగరుబత్తి వెలిగించి చూశాను. తూర్పు తలుపులోంచి వస్తుంది, వరుసల మీదుగా పడమటి కిటికీకి పోతుంది. ఆడవాళ్లంతా తూర్పు ముఖంగా కూర్చుంటారు. అంటే గాలి మిర్చి గుట్ట మీదుగా వచ్చి నేరుగా ముఖానికి కొడుతోంది.

మిర్చి మీద నీళ్లు చల్లితే పొడి లేవదు కదా అని ఒకరన్నారు. ఆ దారి వద్దని గట్టిగా చెప్పాను. తడిసిన మిర్చికి బూజు పడుతుంది, బూజుతో అఫ్లాటాక్సిన్ వస్తుంది. అది తినేవాళ్ల కాలేయానికి విషం. ఎన్95 మాస్కులు తెచ్చి ఇచ్చాను, ఆ ఉక్కలో ఎవరూ గంట కూడా ఉంచుకోలేకపోయారు. వాళ్లను తప్పు పట్టను.

చివరికి చేసింది చిన్న పని. వరుసలను తిప్పించాం. ఇప్పుడు వీపు తూర్పుకు, గుట్ట పడమరకు. తలుపు దగ్గర ఒక ఫ్యాను, గాలి వీపు మీదుగా వచ్చి పొడిని కిటికీ వైపు తోస్తుంది. యజమానిని ఒప్పించింది నేను కాదు, అమ్మ. "దగ్గుకుంటూ తీసేదానికంటే దగ్గకుండా తీస్తే పని ఎక్కువ సాగుతుంది సేటూ," అంది, ఆయన ఫ్యాను పెట్టించాడు.

ఏప్రిల్ 4

అదే చోట, అదే ఎత్తులో, అదే రెండు గంటలు పలక పెట్టాను. ఒక చూపులో పడే ఎర్ర ముక్కలను పది చోట్ల లెక్కపెట్టాను. మునుపటి దానిలో సగానికి తగ్గాయి. కిటికీ పక్కన ఆఖరి వరుసలో మాత్రం తగ్గలేదు, కొంచెం పెరిగాయి కూడా. ముందు వరుస పొడి అక్కడికి చేరుతోంది. ఒకే వరుసగా కూర్చోబెట్టేంత పొడవు షెడ్డుకు లేదు. రోజు మార్చి రోజు వరుసలు మారుతున్నారు. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు.

ఏప్రిల్ 10

పెట్టెకు కనిపించని పెద్ద దుమ్మును పట్టడానికి గోలీలు. ఎడారుల్లో దుమ్మును పరిశోధించేవాళ్లు వాడే పద్ధతే. వెడల్పు పళ్లెంలో గాజు గోలీలు పరిస్తే, మీద పడిన దుమ్ము సందుల్లోకి జారుతుంది, గాలి మళ్లీ ఎత్తుకుపోలేదు. మొదట నీళ్ల గిన్నె పెట్టాను. మా అర్ధశుష్క వేసవిలో నాలుగు రోజులకే ఆవిరైపోయింది, ఉన్న నాలుగు రోజులూ గోరింకలు స్నానాలు చేశాయి.

గోలీలు మామ మనవడివి. "అత్తా, లెక్కపెట్టి ఇస్తున్నా, లెక్కపెట్టే తీసుకుంటా," అన్నాడు. నూట అరవై నాలుగు. రెండు పళ్లేలకు పంచాను, మిగతావి కొన్నాను. పళ్లెం వ్యాసం 28 సెంటీమీటర్లు, వైశాల్యం 616 చదరపు సెంటీమీటర్లు.

మే 10

ముప్పై రోజులైంది. గోలీలను ఒక్కొక్కటే నీళ్లలో కడిగి, ఆ నీళ్లను ముందే తూచి పెట్టుకున్న వడపోత కాగితంలో వడగట్టి, ఎండబెట్టి, కంసాలి కాకా దుకాణానికి తీసుకెళ్లాను. బంగారం తూచే త్రాసు మా ఊళ్లో అన్నిటికంటే నికార్సైన త్రాసు. కాకా కాగితం మీది మట్టిని కళ్లద్దాలు పైకి జరిపి చూసి, "దీనికి తరుగు లేదమ్మా," అని ఎంతో జాగ్రత్తగా పట్టకారుతో పెట్టాడు.

మేడ మీదిది 0.92 గ్రాములు. చదరపు మీటరుకు లెక్క కడితే నెలకు దాదాపు 15 గ్రాములు. ఏటి ఒడ్డుది అంతకంటే ఎక్కువ, కానీ వేళ్ల మధ్య రాస్తే గరగరలాడుతోంది. ఎండిపోయిన ఏటిలోని ఇసుక. అంత పెద్ద రేణువు ముక్కులోనే ఆగిపోతుంది, దాని గురించి నాకు దిగులు తక్కువ. మేడ మీదిది నల్లరేగడి, పిండిలా మెత్తగా ఉంది, అందులో అక్కడక్కడా ఎరుపు. మిర్చి బస్తాలు మూడు వీధుల అవతల ఉన్నాయి.

మే 21

రెండు రోజులుగా మేడ మీది పెట్టె సున్నా చూపిస్తోంది. బయట వడగాడ్పు, రోడ్డు మీద సుడులు తిరుగుతున్న దుమ్ము, పెట్టె సున్నా. విప్పి చూస్తే మట్టి కందిరీగ. జాలీ అంచున ఊడిన చిన్న సందులోంచి దూరి, సరిగ్గా సెన్సారు గాలి పీల్చే రంధ్రం మీద మట్టి గూడు కట్టింది. గూడు గోడ లోపలివైపు గాజులా నున్నగా ఉంది. లోపల కదలని సాలీళ్లు నాలుగు, పిల్ల పురుగు కోసం దాచిన తిండి. గూడును చెక్కుచెదరకుండా తీసి గోడ మీద పెట్టాను. జాలీని ఈసారి తీగతో కుట్టాను.

జూన్ 14

మొదటి పెద్ద వాన రాత్రి పడింది. పొద్దున పెట్టె అంకె ఎనిమిది నెలల్లో ఎప్పుడూ లేనంత కిందికి దిగింది. మధ్యాహ్నం ఉక్కపోతకు కాస్త ఎక్కింది, అది తేమ ఆట, పెన్సిలు గుర్తు పెట్టాను. గోలీల పళ్లెం నిండా నీళ్లు. మామ మనవడు వచ్చి లెక్కపెట్టుకున్నాడు. ఒకటి తక్కువ. కొత్తవాటిలోంచి పచ్చ గీత ఉన్నది ఏరుకుని తీసుకున్నాడు.

జులై 1

గేట్లు ఎత్తడం చూడటానికి అమ్మను తీసుకుని బాభళి పోయాను. ఎర్రటి కొత్త నీరు. వంతెన గోడను పట్టుకుని అమ్మ లోతుగా ఊపిరి పీల్చింది, దగ్గు రాలేదు. ఈ నెలల్లో ఎప్పుడూ రాదు.

ఇంటికొచ్చి లెక్కలు ఒక కాగితం మీదికి ఎక్కించాను. డిసెంబర్, జనవరి: తెల్లవారుజాము, సన్న పొగ, ఏటి ఒడ్డున ఎక్కువ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: షెడ్డు, ఎర్ర పొడి, సెన్సారు అంకె చెల్లదు, పలకలు చూడాలి. ఏప్రిల్, మే: పెద్ద దుమ్ము, గోలీల తూకం. రెండు పలకలనూ దూదిలో చుట్టి ఆ కాగితంతో పాటు డబ్బాలో పెట్టాను. సోమవారం అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈసారి దగ్గు లేని రోజున, డబ్బా చేతిలో పట్టుకుని.

అక్టోబర్ 29 లోపు చేయాల్సినవి: సెన్సారు ఫ్యాను శుభ్రం, మామ వాడలో మూడు ఇళ్ల పొయ్యిల పంచలు చూడటం, షెడ్డు ఆఖరి వరుసకు రెండో కిటికీ గురించి సేటును అడగడం. అడిగేది తనేనని అమ్మ ఇప్పటికే చెప్పింది.